చేనుకు పోయే ముందు

అశోక్‌నగర్‌లో గ్రూప్ అనే మాటకు ఒకటే అర్థం. గ్రూప్-1, గ్రూప్-2, లేదంటే గ్రూప్-4. అందుకే మొన్న అక్టోబర్‌లో, నాతో నాలుగేళ్ళు ఒకే హాస్టల్ గదిలో ఉన్న స్నేహితురాలికి ఫోన్ చేసి "మేం గ్రూప్‌గా పోతున్నం" అంటే, "నోటిఫికేషన్ ఎప్పుడు పడ్డదే?" అని గాబరా పడింది. పరీక్షకు కాదు, జహీరాబాద్ దగ్గర చేలు చూసి నేర్చుకోవడానికి అని చెప్పాను. కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా అడిగింది: "మీది ఆ దిక్కే కదా. మీకు పొలం లేదా?"

ఉంది. మూడెకరాల చల్క. నేను పదో తరగతికి రాకముందే కౌలుకు పోయింది. అప్పట్నుంచీ అందులో పత్తే. నా పొలం సంగతి నాకు తెలియదు గానీ వేరేవాళ్ళ పొలాలు చూడటానికి బ్యాగు సర్దుకుంటున్నాను. స్నేహితురాలు అడిగింది ఎగతాళికి కాదు. అందుకే ఇంకా గుచ్చుకుంది.

మా గ్రూపు సంగతి చెప్పాలి. పదకొండు మందిమి. ఇద్దరు సాఫ్ట్‌వేర్ అబ్బాయిలు, లా చదువుతున్న ఒకమ్మాయి, విద్యానగర్‌లో ఉండే ఒక హోమియో డాక్టర్, ఇంకా పొద్దున్నే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ కోసం పరిగెత్తేవాళ్ళు ఇద్దరు, ఇట్లా. నేను గ్రూప్-2 రెండుసార్లు రాసి, రెండుసార్లూ రాక, ఇప్పుడు నారాయణగూడలో కోచింగ్ మెటీరియల్ వేసే ఒక చోట బిట్లు తయారుచేస్తున్నాను. రెండు వారాలకో ఆదివారం నల్లకుంటలో, శంకరమఠం వెనక సందులో, ఒక రిటైర్డ్ వ్యవసాయాధికారి ఇంటి మేడమీద కూచుని పుస్తకాలు చదువుకుంటాం. ఆయన్ని అందరం సార్ అనే అంటాం.

వానాకాలమంతా ఫుకుఓకా చదివాం. 'గడ్డిపరకతో విప్లవం' పాత ప్రతి ఒకటి సార్ దగ్గర ఉంది, అట్ట ఊడిపోయి. దున్నకుండా, కలుపు తియ్యకుండా, ఎరువు వెయ్యకుండా వరి పండించిన జపాన్ రైతు కథ. చదువుతున్నంతసేపూ అందరికీ ఉత్సాహమే. అయిపోయాక లా అమ్మాయి అడిగింది: "అది జపాన్ కదా సార్. మన ట్రాపికల్ నేలల్లో నడుస్తదా?"

"నడుస్తదో లేదో నల్లకుంట మేడమీద కూసుంటె ఎట్ల తెలుస్తది?" అన్నారు సార్. అట్లా మొదలైంది.

*

జహీరాబాద్ అనుకోవడానికి కారణం ఉంది. నల్లకుంట నుంచి తెల్లవారుజామున బయల్దేరితే టిఫిన్ వేళకు చేరే దూరం. అక్కడ పస్తాపూర్‌లో 1983లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన పి.వి. సతీశ్ దాన్ని నడిపినవాళ్ళలో ముఖ్యుడు. 2023 మార్చిలో చనిపోయారు. చుట్టుపక్కల పల్లెల్లో ఎక్కువగా దళిత మహిళలు సంఘాలు కట్టుకుని, పనికిరాదని వదిలేసిన బీళ్ళను సాగులోకి తెచ్చారు. బియ్యం తప్ప వేరే గింజ ఇవ్వని రేషన్‌కు బదులుగా తమ జొన్నలు తామే పండించి, తమ ఊళ్ళోనే నిలవచేసుకుని, తమవాళ్ళకే పంచుకునే పద్ధతి పెట్టుకున్నారు. విత్తనాలు ఇళ్ళల్లోనే దాస్తారు. అప్పుగా తీసుకున్న విత్తనాన్ని పంట వచ్చాక కొంత ఎక్కువ కలిపి తిరిగిస్తారు. సంక్రాంతి రోజుల్లో ఎడ్లబండ్లమీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా పాత పంటల జాతర చేస్తారు. 2008లో మాచునూర్‌లో వాళ్ళ సంఘం రేడియో మొదలైంది. 2019లో ఐక్యరాజ్య సమితి వాళ్ళ ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది.

ఇందులో సగం నేను బిట్లుగా తయారుచేసినవే. "సంఘం రేడియో ఏ జిల్లాలో ఉంది?" ఎ, బి, సి, డి. సరైన జవాబు సంగారెడ్డి. మా ఊరు అదే జిల్లా అన్న సంగతి ఆ బిట్టు రాస్తున్నప్పుడు నాకు గుర్తే రాలేదు.

మేం వెళ్ళేది ఆఫీసులకు కాదు. ఆ దిక్కు పల్లెలో ఒక మహిళా రైతు చేనుకు. సార్‌కు పాత పరిచయం. రెండోరోజు బిడకన్నెలో పర్మాకల్చర్ క్షేత్రం చూడాలని. 2017లో ప్రపంచ పర్మాకల్చర్ సమావేశం హైదరాబాద్‌లో జరిగినప్పుడు దేశదేశాల వాళ్ళు వచ్చి ఉన్నది ఆ ఊళ్ళోనే. రెండు రోజులు, ఒక రాత్రి. నవంబర్‌లో, కార్తీకంలో, జొన్న కంకి మీదికి వచ్చి, కంది పూత మీద ఉండే రోజులు.

సాఫ్ట్‌వేర్ అబ్బాయి వెంటనే వాట్సాప్‌లో ఒక జాబితా పెట్టాడు. బూట్లు, టోపీ, టార్చి, పవర్ బ్యాంక్, ఓఆర్ఎస్, దోమల క్రీము, సన్‌స్క్రీన్, తడి టిష్యూలు. ఇరవై రెండు వస్తువులు. తర్వాతి ఆదివారం సార్ దాన్ని ప్రింటు తీయించి కళ్ళజోడు సర్దుకుని మొత్తం చదివారు.

"అన్నీ బాగున్నయి. దీంట్ల ప్రశ్న ఏది?"

ఎవరికీ అర్థం కాలేదు.

"నేర్చుకోను పోతున్నం అంటున్నరు. అడగడానికి ఏం పట్టుకపోతున్నరు? ఆమె మీకు ఒక పూట ఇడుస్తున్నది. జొన్నకు పిట్టల కావలి ఉండే టైమది. మీరు పోయి, అబ్బ ఎంత పచ్చగున్నది అని ఫొటో తీసుకోని వస్తే, ఆమెకు పిట్టలు తిన్న కంకులు మిగుల్తయి."

నెల రోజులు టైమిచ్చారు. ఈ నెలలో ఒక్కొక్కరూ ఒక్కో ప్రశ్న తయారుచేసుకోవాలి. గూగుల్‌లో జవాబు దొరికే ప్రశ్న ఒప్పుకోరు.

*

ముందు మాట దగ్గరే ఆగిపోయాం. 'రీజెనరేటివ్' అనేదాన్ని తెలుగులో ఏమనాలి? అక్కడికి పోయి ఆమెతో ఆ ఇంగ్లీషు మాట అనలేం కదా. పునరుజ్జీవన వ్యవసాయం అన్నాడు ఒకతను. పునరుత్పాదక అన్నారు డాక్టరు గారు. అది కరెంటుకు వాడే మాట అని నేనే ఆపాను, బిట్ల అనుభవంతో. లా అమ్మాయి ట్రాపికల్‌కు 'ఉష్ణమండల' అని రాసింది. రెండూ కలిపి 'ఉష్ణమండల పునరుజ్జీవన వ్యవసాయ క్షేత్రాలు' అని సార్ గట్టిగా చదివి, "సచివాలయం జీవో లెక్కనే ఉన్నది" అన్నారు. నవ్వుకున్నాం.

ఆ సాయంత్రం ఇంటికి నడిచి వస్తుంటే ఫీవర్ ఆస్పత్రి బోర్డు చూశాను. రోజూ చూసేదే. సర్ రోనాల్డ్ రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ట్రాపికల్ అండ్ కమ్యూనికబుల్ డిసీజెస్. మలేరియా దోమతో వస్తుందని 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో కనిపెట్టిన మనిషి పేరు. ట్రాపికల్ అనే మాట నల్లకుంటలో ముందునుంచీ ఉన్నదే, జ్వరంతో కలిసి. వానాకాలం పోతూ పోతూ ఉండగా ఓపీ ముందు జనం, చీటీలు పట్టుకుని, దుప్పట్లు కప్పుకుని. మా అమ్మకు నల్లకుంట అంటే తెలియదు. కోరంటి అంటే తెలుసు. క్వారంటైన్ అనే మాట ఆ తరం నోట్లో కోరంటి అయింది.

2010 వానాకాలం మా నాయినకు మలేరియా ముదిరితే అక్కడికే తెచ్చారు. పదకొండు రోజులు. అమ్మ ఆ ఆవరణలోనే చెట్టు కింద పడుకుంది. జ్వరం నాలుగోరోజే తగ్గింది, మనిషి తేరుకోవడానికి మాత్రం ఆరు నెలలు పట్టిందని అమ్మ ఇప్పటికీ చెప్తుంది. నేను ఆగాను అక్కడ. తేరుకోవడం.

రాత్రి అమ్మకు ఫోన్ చేశాను. భూమి ఖరాబై మళ్ళీ మంచిగైతే ఏమంటరమ్మా అని అడిగాను.

"ఏమంటరు? భూమి తేరుకున్నది అంటరు. ఎందుకు?"

తర్వాతి ఆదివారం ఆ మాట చెప్తే సార్ వెంటనే నోటుబుక్కులో రాసుకున్నారు. జ్వరం దించే గోళీ వేరు, మనిషి తేరుకోవడం వేరు అని కాసేపు ఆ పోలికతోనే వివరించారు. యూరియా వేస్తే పైరు నాలుగు రోజుల్లో పచ్చబడుతుంది. నేల బలం దాంతో రాదు. అందులో చచ్చిన ఆకులు, వేళ్ళు, వానపాములు, కంటికి కనిపించని బూజులు, ఇవన్నీ చేరితేనే వస్తుంది. మన వేడికి, మన వానకు ఆ కుళ్ళిన పదార్థం చలిదేశాలకంటే చాలా త్వరగా ఖర్చయిపోతుంది. అందుకే మన దగ్గర నేలను బోసిగా ఉంచకూడదు. ఎప్పుడూ ఏదో ఒక ఆకు నీడ, ఏదో ఒక వేరు ఉండాలి. ఒకే పంట కాకుండా పది పంటలుండాలి. దున్నడం తగ్గాలి. పశువుండాలి. లా అమ్మాయి అడిగిన జపాన్ ప్రశ్నకు జవాబు అప్పుడు కొంచెం దొరికింది.

"ఈ ముచ్చట నేను సర్వీసులో ఉన్నప్పుడు చెప్పలే," అన్నారు సార్ చివరికి. "యూరియా బస్తాలు, మందు డబ్బాలే చెప్పిన. డెమో ప్లాట్లు పెట్టించిన. అప్పుడు అదే కరెక్టనుకున్న. గింజలు కావాలె, కరువు చూసినోళ్ళం." ఎవరూ ఏమీ అనలేదు. ఆయన కూడా ఇంకేమీ అనలేదు.

హోమియో డాక్టర్ గారికి ఉత్సాహం ఎక్కువై, ప్రభుత్వం రేపే రసాయనాలు బంద్ పెడితే సరి అన్నారు. అప్పుడు శ్రీలంక సంగతి వచ్చింది. 2021లో అక్కడ ఒక్కసారిగా రసాయన ఎరువుల దిగుమతి ఆపేశారు. వరి, తేయాకు దెబ్బతిన్నాయి. రైతులు రోడ్లమీదికి వచ్చారు. ఆ నవంబర్‌లోనే వెనక్కి తగ్గాల్సి వచ్చింది. పదకొండు రోజులు కోరంటిలో ఉన్న మనిషిని పన్నెండో రోజు నాగలికి కట్టినట్టు. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం నడుస్తున్నది వేరే తీరు. రైతు సాధికార సంస్థ కింద, అప్పటికే చేస్తున్న రైతులే పక్క రైతులకు నేర్పుతూ, మహిళా సంఘాల ద్వారా, ఒకరు అరెకరంతో మొదలుపెడితే ఇంకొకరు పెరటితో. తొలకరికి ముందే పొడినేలలో నవధాన్యాలు చల్లి నేలను కప్పి ఉంచడం వాళ్ళు వ్యాపింపజేసిన పద్ధతి. 2024లో గుల్బెంకియన్ బహుమతి వాళ్ళకూ, మట్టి శాస్త్రవేత్త రతన్ లాల్‌కూ, ఈజిప్టులోని సెకెమ్ సంస్థకూ కలిపి వచ్చింది.

*

రెండో పని, పేర్లు. చేనులో ఆమె ఒక మొక్క చూపించి పేరు చెప్తే, మనం స్పెల్లింగ్ అడిగే స్థితిలో ఉండకూడదన్నారు సార్. జొన్న, సజ్జ, కొర్ర, సామ, అవిసె, కుసుమ, ఉలవ, అనుములు. గింజలు చిన్న చిన్న గిన్నెల్లో పోసి టేబుల్ మీద పెట్టారు. కొర్రకూ సామకూ తేడా చెప్పలేకపోయినవాళ్ళం ఆరుగురం. అందులో నేనొకదాన్ని.

అప్పుడు బతుకమ్మ రోజులు. నల్లకుంట కూరగాయల మార్కెట్ ముందు గునుగు కట్టలు, తంగేడు, బంతి కుప్పలు పోసి అమ్ముతున్నారు. గునుగు చిన్న కట్టకు యాభై రూపాయలు చెప్పింది ఒకామె. నలభైకి తీసుకుని, ఇంటికొచ్చి అమ్మకు వీడియో కాల్‌లో చూపించాను.

"గునుగు కొన్నవా?" అమ్మ నవ్వింది. "మన చేన్ల కుప్పలు కుప్పలుండె. లేతగున్నప్పుడు కూర సుత వండుతుంటి."

"ఇప్పుడు లేదా?"

"గడ్డిమందు కొడ్తడు కదా మామ. ఏడుంటది?"

కౌలుకు చేసే ఆయన్ని మామ అంటాం, వరసకు. అమ్మ తప్పు పట్టినట్టు అనలేదు. మనుషులు దొరకరు, కూలి రేటు పెరిగింది, కలుపు తీయించాలంటే పత్తి పైసలన్నీ దానికే పోతాయి, ఆయన మాత్రం ఏం చేస్తాడు అంది. తర్వాత తనే చెప్పుకుంటూ పోయింది. తుమ్మికూర, జొన్నచెంచలి, దొగ్గలికూర, ఉత్తరేణి. ఎవరూ విత్తకుండా వచ్చే కూరలు. నేను రాసుకున్నాను. అటువైపు సంఘం మహిళలు కలుపు అనే మాటే ఒప్పుకోరని, అట్లాంటి కూరలు పదుల రకాలు లెక్కచెప్పగలరని చదివాను. యాసంగిలో నల్లరేగడిలో మంచు తడితోనే, నీళ్ళు పెట్టకుండా, ఎరువు వెయ్యకుండా పండే పంటలను వాళ్ళు సత్యం పంటలంటారు. ఆ మాట అమ్మకు చెప్తే, "సత్తెమే మరి. ఏం పెట్టకున్నా ఇస్తది కదా," అంది.

మేం చూడబోతున్న పొలాల గురించి నేను చదివిందాంట్లో అమ్మకు తెలియనిది పెద్దగా లేదు. కానీ ఈ నెలవరకూ నేను అమ్మను ఏ పొలం ప్రశ్నా అడగలేదు. హాస్టల్‌లో ఉన్న నాలుగేళ్ళూ ఫోన్‌లో మేం మాట్లాడుకున్నవి రెండే. తిన్నవా? పైసలు అందినయా?

*

మూడో పని మట్టి. ఎవరికి అందుబాటులో ఉన్న మట్టి వాళ్ళు తేవాలి. ఎండిన పెళ్ళలు, గోలికాయంతవి. ఒకరు ఇందిరాపార్కు నుంచి, ఒకరు పూలకుండీ నుంచి, ఒకరు తార్నాకలో అన్న ఇంటి పెరటి నుంచి. సాఫ్ట్‌వేర్ అబ్బాయి పద్మా కాలనీ నాలా గోడ పక్కనుంచి తెచ్చాడు. 2020 అక్టోబర్ వానకు వాళ్ళ ఇంట్లోకి నడుం లోతు నీళ్ళు వచ్చాయట. నల్లకుంట పేరులో కుంట ఉంది, ఊళ్ళో లేదు. నీళ్ళు మాత్రం వానొచ్చినప్పుడల్లా దాన్ని వెతుక్కుంటూ వస్తాయి అన్నాడు.

నేను అమ్మను అడిగాను. రెండు చోట్ల మట్టి పంపమ్మా. ఒకటి పత్తి సాళ్ళ నడుమది, ఇంకోటి గట్టుమీద యాపచెట్టు కిందిది. అక్కడ ఎవరూ దున్నరు, ఏదీ కొట్టరు. నాయిన ఆ వారం ఊరికి పోయి ఉన్నాడు. పటాన్‌చెరులో ఒక కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన. జ్వరం నుంచి లేచిన ఏడు నాగలి పట్టలేక పొలం కౌలుకిచ్చి, ఒక్క ఏడాదే అని చెప్పి అక్కడ చేరాడు. ఆ ఒక్క ఏడాది ఇంకా అయిపోలేదు.

ఆదివారం పొద్దున ఆయనే మట్టి పట్టుకుని నల్లకుంటకు వచ్చాడు. రెండు మిఠాయి డబ్బాలు, దారం కట్టి. ఇచ్చి వెళ్ళిపోతానన్నాడు. సార్ వినలేదు. "రాండ్రి, కూసోండ్రి. మీ మట్టి ముచ్చటే కదా." నాయిన కుర్చీ అంచున కూచున్నాడు, చెప్పులు మెట్ల దగ్గర విడిచి.

పరీక్ష చాలా సాదాది. గాజు గ్లాసు నిండా నీళ్ళు. పైన చాయ్ జాలి. జాలిలో ఎండు మట్టిపెళ్ళ మునిగేట్టు పెట్టి అయిదు నిమిషాలు చూడాలి. నీళ్ళు లోపలికి పోతూ గాలిని బయటికి నెడతాయి. మట్టిని పట్టి ఉంచే వేళ్ళ పోగులు, బూజు దారాలు, పురుగుల జిగురు ఉంటే పెళ్ళ నిలబడుతుంది. లేకపోతే విడిపోతుంది. వాన పడ్డప్పుడు చేనులో జరిగేది కూడా ఇదే. విడిపోయిన మట్టి పైన పొరలాగా గట్టిపడి నీటిని లోపలికి పోనివ్వదు. నీళ్ళతో పాటు తనూ కొట్టుకుపోతుంది.

ఇందిరాపార్కు మట్టి నిలబడింది. పూలకుండీది సగం సగం. పద్మా కాలనీది ఇసుకలాగా జారిపోయింది. తర్వాత నాది పెట్టారు, పత్తి సాళ్ళది. ఎర్రటి పెళ్ళ. బుడగలు వచ్చాయి. నేను వాచీ చూసుకునేలోపే అంచులు ఊడాయి. నిమిషం కూడా కాలేదు, జాలి మీద ఏమీ లేదు, గ్లాసంతా ఎర్రగా.

"నీళ్ళల్ల ఏస్తె మట్టి కరుగదా మరి?" అన్నాడు నాయిన, నవ్వడానికి ప్రయత్నం చేస్తూ.

సార్ ఏమీ చెప్పలేదు. ఇంకో గ్లాసు తెచ్చి గట్టుమీది పెళ్ళ పెట్టారు. రెండు బుడగలు. అంతే. అయిదు నిమిషాలైంది, పది నిమిషాలైంది. పెళ్ళ అట్లాగే ఉంది, నీళ్ళు తేటగా ఉన్నాయి. లోపలినుంచి సన్నటి వేరొకటి బయటికి వేలాడుతోంది.

రెండూ ఒకే చేను. మధ్య దూరం ఇరవై అడుగులు.

నాయిన లేచి వచ్చి రెండు గ్లాసుల ముందూ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. నేను ఆయన మొహం చూడలేదు. నా తలలో లెక్క నడుస్తోంది. ఎకరానికి ఎనిమిది వేల చొప్పున మూడెకరాల కౌలు ఇరవై నాలుగు వేలు, ఉగాదికి ఉగాదికి. అశోక్‌నగర్ హాస్టల్‌లో నాకు నాలుగు నెలల ఫీజు. గ్రూప్-2 కోచింగ్‌కు ఒక ఏడాది కౌలు మొత్తం, పైన అప్పు. టెస్ట్ సిరీస్‌లు, జిరాక్స్ నోట్సులు, రాత్రి పదింటికి తిన్న మిర్చీ బజ్జీలు. ఆ ఎర్రనీళ్ళ గ్లాసులో ఉన్నది మామ చేసిన తప్పు కాదు. తన పేరు మీద లేని భూమికి మూడేళ్ళ ముందుచూపుతో పెంట తోలమని కౌలు రైతును ఎవరు అడగగలరు? వచ్చే ఉగాదికి ఉంటుందో లేదో తెలియని చేను అది. ఆ భూమి నుంచి ప్రతి ఏడూ తీసుకున్నది మేం. ముఖ్యంగా నేను.

శంకరమఠం స్టాపులో బస్సు ఎక్కించేటప్పుడు నాయిన ఒకటే మాటన్నాడు. "గట్టు మీద మీ తాత యాపగింజ పెట్టిండు. అది తీస్తె రెండు సాళ్ళు ఎక్కువొస్తయని మామ శానసార్లు అడిగిండు. నేను ఒద్దన్న."

*

చివరి ఆదివారం మర్యాదల గురించి. గొడవ కూడా అప్పుడే అయింది. ఆమె సమయానికి డబ్బు ఇవ్వాలా వద్దా? ఇవ్వాలన్నాడు సాఫ్ట్‌వేర్ అబ్బాయి, మనకు ఎవరైనా సాఫ్ట్‌వేర్ నేర్పిస్తే ఫీజు కట్టమా అని. డబ్బిస్తే అది జూ పార్కు టికెట్ అవుతుందని లా అమ్మాయి. ఇద్దరిదీ నిజమే. గంటసేపు వాదించుకుని ఇట్లా ఒప్పుకున్నాం: పొద్దంతా ఆమె చేనులో ఏ పని ఉంటే ఆ పని చేస్తాం, పిట్టల కావలితో సహా. మాకు పని రాదు కాబట్టి మా పనిని లెక్కలోకి తీసుకోకుండా, ఆమెకూ ఆమె పిలిచే ఇంకో ఇద్దరికీ ఆ రోజు కూలి కడతాం. వండినవాళ్ళకు వేరే. అడగకుండా ఫొటో లేదు. విత్తనాలు అడుక్కుని తెచ్చుకోవడం లేదు. కుండీలో వేసి చంపేస్తాం కాబట్టి. ఎకరానికి ఎంత మిగులుతుంది అన్నది మొదటి ప్రశ్న కాకూడదు. ఇంటికొచ్చిన చుట్టం చెప్పులిడవకముందే జీతమెంత అని అడిగితే ఎట్లా ఉంటుంది?

తర్వాత ప్రశ్నలు. ఒక్కొక్కరూ చదివారు. ఒకరు విత్తనాలకు పురుగు పట్టకుండా ఎట్లా దాస్తారని. ఒకరు ఈ పని భారమంతా ఆడవాళ్ళ మీదే ఎందుకుందని. లైబ్రరీ అబ్బాయి, మీ పిల్లలు ఊళ్ళో ఉంటారా అని. సార్ కూడా ఒకటి రాశారు. అప్పట్లో మాలాంటి ఆఫీసర్లు వచ్చి చెప్పినప్పుడు మీరు మనసులో ఏమనుకునేవాళ్ళు అని.

నాది చివర చదివాను. "కౌలు పైసలో, పత్తి పైసలో రావడం ఆగిపోయిన మొదటి ఏడు, నేల ఇంకా తేరుకోని ఏడు, మీ ఇల్లు ఎట్లా గడిచింది?"

సార్ తల ఊపారు. "ఇది గూగుల్‌ల లేదు," అన్నారు.

ఈ ఉగాదికి కౌలు మాట మళ్ళీ వస్తుంది. మొత్తం వెనక్కి తీసుకునే ధైర్యం మాకు లేదు. మామకూ బతుకుదెరువు అదే. గట్టు పక్కన ఒక్క ఎకరం, ఎనిమిది వేలు తగ్గించుకుని, అమ్మ చేసుకోగలదా అని రాత్రుళ్ళు లెక్కలు వేస్తున్నాం. ఆ ఎనిమిది వేలు నెలనెలా నా జీతంలోంచి పంపాలన్నది నా ఆలోచన. అమ్మ ఇంకా అవునూ అనలేదు, కాదూ అనలేదు. "ముందు ఆమెను అడిగి రా," అంది.

ఇవాళ శుక్రవారం. రేపు తెల్లారి అయిదింటికి వ్యాను. బ్యాగులో ఇరవై రెండు వస్తువుల్లో తొమ్మిదే పెట్టుకున్నాను. వ్యాను సీట్లు పన్నెండు, మనుషులం పదకొండు మందిమి అని గ్రూపులో మెసేజ్ పెట్టి, ఫోన్ పక్కన పెట్టానో లేదో నాయిన ఫోన్ చేశాడు.

"బిడ్డా, మీ బండి పటాన్‌చెరు మీదికెంచే కదా పోయేది?"

"అవును నాయినా. ఆరు దాటుతది."

"ఇక్రిశాట్ దాటినంక, మా కంపెనీ ముందట్నే." కాసేపు ఏమీ అనలేదు. వెనక లారీ హారన్ వినిపించింది. "ఆరింటికి నా నైట్ డ్యూటీ దిగుతది. రెండు దినాలు లీవు పెట్టిన. జాగ ఉంటదా?"

ఉంటుందన్నాను.

"నేనేం అడుగ నాయినా. ఊకె సూస్త. జొన్నచేను సూడక శాన ఏండ్లాయె."

ఫోన్ పెట్టేసి గ్రూపులో మెసేజ్ సరిచేశాను. పన్నెండు మందిమి.